సగం వరకే రంగు

పొద్దున్నే దుకాణం తలుపు తియ్యగానే కాటా అమ్మాయి చేసే మొదటి పని ఇత్తడి తూకపురాళ్ళని మెత్తటి గుడ్డతో తుడవడం. వాటిని చేత్తో ముట్టుకోదు, పట్టకారుతో తీస్తుంది. వేలి చెమట అంటినా రాయి బరువు మారుతుందని డిగ్రీలో చదువుకుంది. తరువాత రిపేరుకొచ్చిన కాటాలు ముందేసుకుంటుంది. ఏమీ పెట్టకుండానే ముల్లు సున్నాకి కాస్త అటో ఇటో నిలబడితే, కింద ఉన్న మర తిప్పి దారికి తెస్తుంది.

భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి ఇదేం ఉద్యోగమని ఎవరైనా అడిగితే దుకాణం యజమానే అందుకునేవాడు.

"డిగ్రీ లేకపోతే ఈ జీతం కూడా రాదండీ!"

జీతం ఇచ్చేది తనే అన్న సంగతి ఆయనకి ఆ క్షణాన గుర్తుండేది కాదు.

ఇంట్లో ఆమె, తండ్రి, ఇద్దరే. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి రంగుల మేస్త్రి. కప్పు కింద గోడకి ఆయన గీసిన అంచు దారం పట్టి గీసినట్టుండేది. నిచ్చెన చివర నిలబడి, కూనిరాగం తీస్తూ వేసేవాడు. ఆ పనితనమంతా కూతురి చదువు అప్పుతో అటకెక్కింది.

అప్పుకి బరువుంటుంది కదా. సంతకం పెట్టినవాళ్ళ ఒంటికి పడుతుంది, తీరేదాకా దిగదు. అందుకే బక్కపలచటి మనిషి ఎక్కినా బండి కుంగిందంటే ఆటోవాడు వెనక్కి తిరిగి, "అప్పుందా అన్నా?" అని అడిగి నాలుగు రూపాయలు ఎక్కువ పుచ్చుకుంటాడు. బ్యాంకులో ఇనప కుర్చీలు వేస్తారు. కాలేజీలో చేరేనాడు ఆ కుర్చీలో కూర్చోబోయిన కూతుర్ని మేస్త్రి లేపేశాడు.

"చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఈ మోత? నీకు ఉద్యోగం వచ్చేదాకేగా, నేను మోస్తాలే."

సంతకం పెట్టి లేచి నాలుగడుగులు వేశాడో లేదో, చెప్పు పట్టీ తెగింది. వారం తిరక్కుండా నిచ్చెన మెట్టు పగిలింది. ఇక నేల మీద నిలబడి చెయ్యి అందినంత మేరే వేసేవాడు. పై సగానికి ఇంకో మనిషి వచ్చేవాడు, కూలీలో సగం పట్టుకుపోయేవాడు. సొంతింటి ముందుగది గోడ కూడా కింద నీలం, పైన మాసిన తెలుపుగా ఉండిపోయింది.

ఆమెకి ఆ చదువంటే ప్రాణం. ఊగే లోలకం, చీకటిగదిలో ఏడురంగులుగా విడిపోయే వెలుగు, అన్నీ ఇష్టమే. ఇష్టానికి జీతమిచ్చేవాళ్ళే దొరకలేదు. ఇంకా చదివి రమ్మన్నారు కొందరు, ఇంత చదువెందుకు చదివావన్నారు మరికొందరు. చివరికి కాటాల దుకాణం దొరికింది. జీతంలో సగం బ్యాంకుకి పోసినా వడ్డీ దగ్గరే ఆగిపోయేది. అసలు కంటే వడ్డీ ముద్దంటారు, బ్యాంకుకి మరీ ముద్దు.

కిస్తీ కట్టిన రోజున మేస్త్రి కూతురి వెంట దుకాణానికొచ్చి, బస్తాలు తూచే పెద్ద కాటా ఎక్కేవాడు. చెప్పులు విడిచి, జేబులో చిల్లర తీసి పక్కన పెట్టి మరీ ఎక్కేవాడు.

"ఏమైనా దిగిందా అమ్మా?"

ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉండేది. ఆయన మొహం చూడలేక ఒక నెల ఆమె, ముందురోజు సాయంత్రమే, కింద మర కొంచెం వెనక్కి తిప్పి పెట్టింది. ఏమీ పెట్టకముందే పరికరం చూపించే తప్పుని ప్రయోగశాలలో శూన్యాంశ దోషం అనేవారు. ముందది కనిపెట్టి లెక్కలోంచి తీసెయ్యమని నేర్పారు. అంత చదువులోంచీ నాన్న కోసం పనికొచ్చింది ఆ ఒక్క పాఠమే, దాన్నీ ఆమె తలకిందులు చేసింది.

"దిగింది నాన్నా!"

మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరమైంది. మరుసటి నెల మర ఇంకాస్త తిరిగింది, ఆ పై నెల ఇంకాస్త. ఇంట్లో కూనిరాగం మళ్ళీ వినపడసాగింది. ఎక్కడ ఆపాలో ఆమెకి తెలియలేదు. ఆపితే ఆ రాగం ఆగిపోతుందని భయపడింది.

ఒకరోజు ఆయన కూతురికి చెప్పకుండా పూర్తి గోడల పనికి ఒప్పుకున్నాడు. తేలికపడ్డాను కదా అన్న ధీమాతో నిచ్చెనెక్కాడు. సగం దూరం వెళ్ళేసరికి మెట్టు ఫెళ్ళున విరిగింది. మోకాలు పిండయిపోయింది.

పరామర్శకొచ్చిన యజమాని మంచం పక్కన కూర్చుని, "బరువు చూసుకోకుండా ఎలా ఎక్కావయ్యా?" అన్నాడు.

"చూసుకోకుండా ఎందుకెక్కుతానండీ? మా అమ్మాయి కాటా మీదే చూసుకున్నా. నిచ్చెన పుచ్చిపోయింది, అంతే."

"నాన్నా, ఆ కాటా..."

"నువ్వూరుకో. నువ్వు సరిచేసిన కాటాకి వంక పెడితే నేనొప్పుకోను."

ఆమె ఊరుకుంది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఆ పూట ఊరుకున్నందుకు తరువాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో లెక్కలేదు.

మర్నాడు బ్యాంకుకి వెళ్ళింది. చదివింది తనే కాబట్టి అప్పు తన మీదికి తెచ్చుకోవడానికి ఒక్క సంతకం చాలన్నాడు గుమస్తా. "ఆలోచించుకోమ్మా," అని కూడా అన్నాడు పాపం. ఆమె సంతకం పెట్టి కలం ఎత్తగానే కింద ఇనప కుర్చీ కిర్రుమంది. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో, ఆయన బరువుకి కుంగి నేలకి ఆనిన మంచం నవారు మేస్త్రితో సహా మెల్లగా పైకి లేచింది.

"బాకీ తీరిపోయింది!" అని ఆయన కిటికీలోంచి వీధి వీధంతా వినేలా కేకేశాడు. "మా అమ్మాయి చదువే తీర్చేసింది!"

ఆమె తిరిగొచ్చేదాకా ఆ కేకలు ఆగలేదు, వీధి మొగలోనే విన్నది. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని, నెమ్మదిగా ఇంట్లోకొచ్చి నవ్వింది. దుకాణంలో మర తిప్పి ముల్లుని మటుకు సున్నాకి తెచ్చేసింది.

ఎముక అతికింది, మోకాలు వంగడం మానేసింది. దూదిపింజలా తేలికైన మనిషి నిచ్చెన తొలి మెట్టు కూడా ఎక్కలేకపోయాడు. అయినా ఒక ఆదివారం నీలం రంగు కలిపి, కొత్త వెదురు నిచ్చెన ముందుగది గోడకి వేయించాడు.

"పై సగం నువ్వెయ్యమ్మా. నేను కిందినుంచి చెబుతా."

"ఇప్పుడెందుకులే నాన్నా."

"నీ చదువు తీర్చిన బాకీ. ఆ గోడ నీ చేత్తో నిండితే చూడాలనుంది."

ఇక కాదనలేక కుంచె పట్టుకుని ఒక మెట్టు ఎక్కింది. వెదురు మూలిగింది.

కూనిరాగం ఆగిపోయింది. ఏ బరువుకి నిచ్చెన ఎలా మూలుగుతుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర ఆమె విడిచిన పిన్నీసు చెప్పుకేసి చూశాడు. తరువాత ఆమెకేసి చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"నీ మంచం పైకి లేచిన రోజు నుంచి."

"మరి అంతకుముందు... కాటా చూపించింది?"

"ముల్లు నేనే తిప్పాను నాన్నా. నీ మొహం చూడలేకపోయాను."

మేస్త్రి చేతికర్ర పక్కన పారేసి, కుంటుతూ వచ్చి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఆ పట్టుకి అది ఆగదని ఇద్దరికీ తెలుసు.

"దిగమ్మా," అన్నాడు. "మెల్లగా దిగు. ఆ మెట్టు ఆగదు."

ఆ పూట తండ్రీ కూతురూ పక్కపక్కన నిలబడి, అప్పటికే నీలంగా ఉన్న కింది సగానికే మళ్ళీ రంగు వేశారు.