రెండు వాకిళ్ల సన్నికల్లు

నేనొక రాయిని. ఇంకాస్త వివరంగా చెప్పాలంటే, మారిషస్ దీవిలో పుట్టిన నల్ల సన్నికల్లుని. మిక్సీలొచ్చాక దీన్నెవరు పట్టించుకుంటారు పాపం అని జాలిపడబోతున్నారేమో, ఆగండి. మీ జాలి నాకక్కర్లేదు. ఈ దేశంలో నాకంటే పాతకాపు ఎవడూ లేడు.

మీ ఇంట్లో ఉన్న పటంలో ఈ దీవి ఈగ వాలిన మరకంత ఉంటుంది. సముద్రం అడుగున నిప్పు పొంగి, పైకొచ్చి, చల్లారి గట్టిపడితే ఇదైంది. ఆ నిప్పులో ముక్కనే నేను. అందుకే ఇక్కడ ఎవడైనా "మేమే అసలువాళ్లం" అని రొమ్ము విరుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అసలువాళ్లంటూ ఎవరున్నారు గనక? అందరూ ఓడ దిగినవాళ్లే. మొదట డచ్చివాళ్లు దిగారు. నల్లచేవ చెట్లు నరికారు, ఎగరలేని డోడో పక్షిని ఒక్కటి మిగలకుండా చేశారు, కాస్త చెరుకు నాటారు, ఇక్కడ బతకలేమని వెళ్లిపోయారు. తర్వాత ఫ్రెంచివాళ్లు. ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ మనుషుల్ని గొలుసులేసి తెచ్చారు. వాళ్ల బిడ్డల బిడ్డలే ఇవాళ్టి క్రియోల్ జనం, వాళ్ల నోట పుట్టిన మాటే ఇవాళ దీవి మొత్తానికీ మాట. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు. బానిసత్వం తప్పని చట్టం చేసి, ఆ సిరా ఆరకముందే మీ వైపు నుంచి కూలీల్ని ఓడలెక్కించారు. పని మారలేదు, కాగితం మారింది. కోరంగి రేవులో ఎక్కిన తెలుగువాళ్లకి ఇక్కడ కోరంగీలని పేరు పెట్టారు. ఓడెక్కిన రేవే వాళ్ల జాతి పేరైంది. ఆ వెనకే చీనావాళ్లొచ్చి మూలమూలకో కొట్టు తెరిచారు.

నన్ను నేలలోంచి పెకలించినవాడు అప్పడు. శ్రీకాకుళం వైపు వాడు. చెరుకు నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఆ ఏరిన రాళ్లు గుట్టలై ఇప్పటికీ చెరుకు మధ్య నిలబడి ఉన్నాయి. టూరిస్టులు వాటిని చూసి ఏ రాజు కట్టించాడో అనుకుని ఫొటోలు తీసుకుంటారు. ఏ రాజూ కట్టించలేదు. అప్పడులాంటివాళ్ల నడుములు కట్టాయి.

ఒక ఆదివారం అప్పడు నన్ను గుట్టలోంచి దొర్లించుకుపోతుంటే మేస్త్రీ అడ్డుపడ్డాడు.

"దొరగారి రాయిరా అది. ఎక్కడికి?"

"దొరగారికి రాళ్లకి కరువేటి బాబూ? కారం నూరుకోడానికి ఒకటొగ్గీ."

మేస్త్రీకి నవ్వొచ్చింది, వదిలేశాడు. నాలుగు ఆదివారాలు అప్పడు నన్ను చదునుగా చెక్కి, ఒంటి నిండా గాట్లు పెట్టాడు. ఏటిరాయితో పొత్రం చేశాడు. క్రియోల్ మాటలో పొత్రాన్ని బాబా అంటారు, పసిపాప అని. రాయి తల్లి, పొత్రం బిడ్డ. ఈ దీవిలో నాకు నచ్చిన మాటలు తక్కువ. అది వాటిలో ఒకటి.

అప్పడు పోయాడు, అతని కొడుకూ పోయాడు. మనవడు గున్నయ్య కాలానికి నేను సవాన్ జిల్లాలో, చెరుకు ఆగిపోయి సముద్రం మొదలయ్యేచోట, ఒక రేకుల ఇంటి వాకిట్లో ఉన్నాను. గున్నయ్య భార్య పోలమ్మ. ఎదురు వాకిలి జోస్లిన్‌ది. క్రియోల్ మనిషి, మొగుడు మార్సెల్ చేపల పడవ మీద పోయేవాడు. రెండిళ్ల మధ్యా బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు, దాని కింద నేను. వారమంతా నా మీద పోలమ్మ నూరేది, ఆదివారం జోస్లిన్ నూరేది. పోలమ్మ దగ్గర విని విని జోస్లిన్ తెలుగు నేర్చింది. ముఖ్యంగా తిట్లు.

ఒకసారి సింహాద్రి అప్పన్న పూజ రెండు రోజులుందనగా, జోస్లిన్ పంది మాంసంలోకి వెల్లుల్లీ మిరపకాయా నూరింది. మాంసం కోసిన చెయ్యి కడుక్కోలేదు. పోలమ్మ చూసింది.

"ఓలమ్మో! ఏటే ఇది? ఆ సేత్తోనే నా రాయి ముట్టావా? పూజ ఎట్టుకొని!"

"నీ రాయా? మీ తాత ఓడలో మోసుకొచ్చాడా ఏం? ఇక్కడి రాయే కదా."

"సెక్కింది మా ఆయన తాత! ఇకమీదట దీని జోలికొచ్చావంటే బాగోదు."

"అయ్యో తల్లీ, ఎవరిక్కావాలి! నీ రాయి నీ నెత్తినే పెట్టుకో, పో!"

పోలమ్మ నన్ను పసుపునీళ్లతో మూడుసార్లు కడిగింది. నిప్పులో పుట్టినవాణ్ని, నన్ను మైలపరచడం ఎవరి తరం? చెప్పినా వినదు. నెలలు గడిచాయి. ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. జోస్లిన్‌కి తొమ్మిదో నెల వచ్చింది, అప్పుడూ లేవు.

ఆ వేసవిలో పోలీసు ఠాణా మీద ఎర్రజెండాలు ఎక్కాయి. తుఫాను. దీవి జనానికి తుఫానంటే ఏటేటా వచ్చే చుట్టం, అయినా కొన్నేళ్లకొకసారి ఆ చుట్టం ఇల్లు కూల్చిపోతుంది. మార్సెల్ పడవతో సహా వేరే రేవులో చిక్కుకుపోయాడు. గాలి ఆగ్నేయం నుంచి మొదలైంది. గున్నయ్య పద్ధతి ప్రకారం రేకుల మీద గాలి తగిలే వైపు బరువులు పేర్చాడు. అన్నిటికంటే బరువైనదాన్ని నేనే, నన్నూ ఎక్కించాడు. మొదటిసారి ఇంటికప్పు మీంచి ఊరంతా చూశాను. చూడ్డానికి ఊరేమీ కనబడలేదు, నీళ్లు తప్ప.

పొద్దున తొమ్మిదింటికి గాలి టక్కున ఆగిపోయింది. ఎండ కూడా కాసింది. కొత్తవాడైతే గండం గడిచిందని బట్టలారేసుకుంటాడు. దీవివాళ్లకి తెలుసు, అది తుఫాను కన్ను. అరగంటో ముప్పావుగంటో. తర్వాత గాలి వెనక్కి తిరిగి, వాయవ్యం నుంచి ఇంకా కసిగా కొడుతుంది. ఆ కాస్త వ్యవధిలో బరువులన్నీ ఇటు నుంచి అటు మార్చాలి. మార్చనివాడి కప్పు వాడిది కాదు. గున్నయ్య నిచ్చెనెక్కి రెండు రాళ్లు మార్చాడు. మూడోది నేను. నా మీద చెయ్యి వేశాడు.

అప్పుడే ఎదురింట్లోంచి జోస్లిన్ కేక వినబడింది. పోలమ్మ పరిగెత్తింది. ఒక్క నిమిషంలో బయటికొచ్చింది.

"నొప్పులొచ్చేసినాయి. కదల్చలేం. మంచం మీది రేకు మేకులూడిపోయి ఆడతంది. రాయి దింపు, ఆళ్ల కప్పు మీదికెక్కించు!"

"మరి మన కప్పో? ఎగిరిపోద్దే!"

"ఎగిరిపోతే మళ్లీ ఏసుకుందుం. పేనాలు పోతే ఏసుకుంటావేటి?"

"దానితో నీకు మాటల్లేవు కదే! నిన్నటిదాకా తిట్టిపోసినావు!"

"మళ్లీ తిట్టాలంటే మడిసుండాల కదా! బేగి దింపు!"

ఇన్నేళ్లలో మనుషుల నోట నేను విన్న తెలివైన మాట అదొక్కటే. గున్నయ్య తాడందుకున్నాడు. ఇద్దరూ నన్ను దింపి, వాకిలి దాటించి, జోస్లిన్ మంచానికి సరిగ్గా పైనున్న రేకు మీద పడుకోబెట్టారు. నా చుట్టూ తాడు బిగించేసరికి చెరుకు మీద ఆకాశం మళ్లీ నల్లబడింది. గున్నయ్య కప్పు మీద మిగిలిన రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తమ ఇద్దరు పిల్లల్నీ చంకనేసుకుని పోలమ్మా గున్నయ్యా జోస్లిన్ ఇంట్లోకి దూరి తలుపేసుకున్నారు.

గాలి వాయవ్యం నుంచి వచ్చింది. పోలమ్మ ఇంటి కప్పు ఒక్క పెళ్లుతో లేచి చెరుకులోకి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. నా కింద రేకు గింజుకుంది, వణికింది, నన్ను తోసెయ్యాలని చూసింది. నేను కదల్లేదు. గొప్పకి చెప్పడం లేదు, కదలకపోవడం ఒక్కటే నాకొచ్చిన విద్య. మధ్యాహ్నం ఎప్పుడో ఆ హోరులో, రేకు కింద నుంచి, సన్నటి కొత్త గొంతు ఒకటి వినబడింది.

ఆ వెనకే జోస్లిన్ నీరసపు గొంతు. "చివరికి నీ రాయి నా నెత్తిన పెట్టావు కదే, వాజిన్." వాజిన్ అంటే పొరుగమ్మ.

"నోర్మూసుకొని పిల్లని అట్టుకో," అంది పోలమ్మ.

పిల్ల పేరు మిరెయ్. నాలుగు రోజులకి మార్సెల్ నడిచి ఇల్లు చేరాడు. పోలమ్మ ఇంటి కప్పు తనే వేశాడు, తన ఇంటి రేకులు బిగించుకున్నాడు. నన్ను దింపి, ఎక్కడ పెట్టాలో తెలియక వాకిలి మధ్య నిలబడ్డాడు. "అక్కడే మీ గుమ్మంలో వొగ్గీ," అంది పోలమ్మ. పొత్రాన్ని మాత్రం తనింట్లో పెట్టుకుంది. అప్పట్నుంచి అదే పద్ధతి. రాయి ఆ ఇంట్లో, బాబా ఈ ఇంట్లో. ఎవరు కారం నూరుకోవాలన్నా వాకిలి దాటాల్సిందే. పంది మాంసం వండే రోజున పోలమ్మ మొహం తిప్పుకుని పొత్రం ఇచ్చేది, తిరిగొచ్చాక మూడుసార్లు పసుపునీళ్లు పోసేది. ప్రాణం పోసింది కదా అని పద్ధతి వదులుకుంటుందా?

స్వాతంత్ర్యం వచ్చింది. నాలుగు రంగుల జెండా ఎగిరింది. దానికి ముందు రాజధానిలో జనం జాతుల పేరు చెప్పి కొట్టుకున్నారు, ఇప్పటికీ ఎన్నికలొస్తే ఎవరెవరివాళ్లో లెక్కేసుకుంటారు. పొద్దున్న దాల్ పూరీ బండి దగ్గర మాత్రం అందరూ ఒకే వరస. అది దేశమో, ఆకలో, తేల్చడం నా వల్ల కాదు. రేకుల ఇళ్లు పోయి సిమెంటు ఇళ్లొచ్చాయి. గున్నయ్య పోయాడు, మార్సెల్ పోయాడు. ఆడవాళ్లిద్దరూ ముసలివాళ్లై ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు.

మొన్న కొత్త మ్యూజియం నుంచి ఒకాయన వచ్చాడు. జేబులో మూడు పెన్నులు. నన్ను చూసి మురిసిపోయాడు, అద్దాల గదిలో పెడతానన్నాడు. కాగితం తీసి, "యజమాని పేరు?" అన్నాడు.

"నాది కాదు బాబూ," అంది పోలమ్మ. "దాని గుమ్మంలో ఉన్నాది కదా. దానిదే."

"నా గుమ్మంలో ఉంటే నాదైపోతుందా? చెక్కింది వాళ్ల తాత. ఆమెదే."

"ఇచ్చేసినాను కదే, ముసిలిదానా!"

"ఎప్పుడిచ్చావు? సాక్షి ఎవరు?"

"నీ కూతురే సాక్షి! అడుగు!"

అరవైకి దగ్గరపడిన మిరెయ్ పొత్రం చంకన పెట్టుకుని వాకిలి దాటొస్తోంది. "నేనప్పుడు ఏడుస్తున్నాను, చూడలేదు," అని నా ముందు కూర్చుని పసుపుకొమ్ము నూరడం మొదలుపెట్టింది.

ఆయన ఇద్దరి మొహాలూ చూశాడు, గడియారం చూసుకున్నాడు. "తేల్చుకుని సంతకం పెట్టి ఉంచండి, మళ్లీ వస్తాను," అని కాగితం ఇచ్చి వెళ్లాడు. సముద్రం గాలికి అది ఎగరబోతే పోలమ్మ నా అంచు ఎత్తమని మిరెయ్‌తో చెప్పి, కిందికి దోపింది.

ఇంకా నా కిందే ఉంది. అద్దాల గదికి పోతానన్న బెంగ నాకు లేదు. ఎగిరిపోయేవాటి మీద కూర్చోవడం నాకు అలవాటైన పనే. నూరినప్పుడల్లా కాస్త పసుపు జారి కాగితంలోకి ఇంకుతోంది. యజమాని పేరు రాయాల్సిన చోట ఇప్పటికి నా అంచంత పసుపు మరక పడింది.