కృప కాలి మీది కట్టు

కృప కాలు వెనక్కి లాక్కుంది. "గీకొద్దండీ. గీకితే పెరుగుద్ది."

డ్రెస్సింగ్ గదిలో నర్సమ్మ కత్తెర పట్టుకుని అలాగే చూసింది. "నువ్వు డాక్టరువా? ఎంతదాకా చదివావేంటి?"

"ఎనిమిది."

"మరింకేం."

ఎనిమిదో నెల కడుపుతో ఆ బల్ల ఎక్కేసరికే కృపకి ఆయాసం వచ్చింది. ఎడమ పిక్క మీద అరచేతంత పుండు, చుట్టూ ఊదారంగు అంచు. నిరుడు అది శనగగింజంత పొక్కు. ఊళ్లో కట్లు కట్టే లాజరు, చచ్చిన చర్మమంటూ రోజూ గీకి గీకి నెల తిరిగేసరికి ఇంత చేశాడు. గవర్నర్‌పేటలో స్కిన్ డాక్టరుగారు చూసి, ఇది ఎవరికోగాని రాని జబ్బమ్మా, గీకినా కోసినా పాకుద్ది, మాత్రలతోనే తగ్గాలి అన్నారు. కడుపుతో ఉందని తెలిశాక ఇంకో మాట చెప్పారు. కాన్పుకి పొట్ట కొయ్యాల్సొస్తే ముందు తనకి ఫోన్ చెయ్యాలి, మాత్ర పెంచాలి, లేకపోతే ఆ కోత కూడా ఇలాగే పుండు పడొచ్చు.

ఈ ఒక్క ముక్క కాన్పు చేసేవాళ్ల చెవిన వెయ్యడానికి కృప ఈ ఆసుపత్రికి రావడం ఇది నాలుగోసారి.

స్కిన్ డాక్టరుగారు రాసిచ్చిన చీటీ చూపించింది. "బయట డాక్టర్ల చీటీలు నాకెందుకు? మేడంగారికి చూపించుకో," అని నర్సమ్మ గీకకుండానే విసురుగా కట్టు కట్టేసింది.

కాన్పులు చూసే మేడంగారు చీటీ వైపు చూడనైనా చూడలేదు. "పుండు సంగతి స్కిన్ వాళ్లు చూస్తారు. నీకు నార్మలే అవుద్దిలే."

"అవ్వకపోతేనండీ?"

"అప్పుడు చూద్దాం. తర్వాతెవరు?"

బయట బెంచీ మీద అత్తగారు జీవరత్నం సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పెద్ద చదువులు చదివినోళ్లతో వాదమేంటే? గీకనిస్తే పోయేదిగా."

"లాజరు గీకినప్పుడు నా కాలు కదలకుండా పట్టుకుంది మీరేగా అత్తమ్మా."

జీవరత్నం వంగి కోడలి కట్టు అంచు సర్దింది.

"రేపు కాన్పులో మత్తిస్తే నేను నోరు తెరవలేను. అప్పుడెవరు చెప్తారు? ఫైల్లో పెడితే పోయిన నెల ఫైలే కనపళ్లేదు."

జీవరత్నం సంచీలోంచి బైబిలు తీసింది. అందులో వాక్యాల కింద గీతలు గీసుకునే ఎర్ర స్కెచ్ పెన్ను కోడలి చేతిలో పెట్టింది. కృపకి పొట్ట అడ్డమొచ్చి వంగడం కుదరలేదు. అత్తగారే ఆ కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, కట్టు తనవైపు కాకుండా కోడలివైపు తిప్పి గట్టిగా పట్టుకుంది.

కట్టు మీది తెల్ల ప్లాస్టరు పొడుగునా కృప రాసింది: గీకొద్దు. ఎక్కడ కొయ్యాలన్నా ముందు ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. కింద చీటీ మీది స్కిన్ డాక్టరుగారి నంబరు వేసింది.

"పెద్దక్షరాలు రాయి. తలెత్తి చూడనోళ్లకి కూడా కనపడాలి," అంది జీవరత్నం. "నొప్పులొచ్చిన రోజు పొట్ట మీద నేను రాస్తాలే."

కృపకి నవ్వు రాలేదు. కాలు దించుకుని, చీర కుచ్చిళ్లు పిక్క పైదాకా ఎత్తి పట్టుకుని, మళ్లీ మేడంగారి గది ముందు వరసలో నిలబడింది.