దామోదరం అమ్మిన తూటా

నేను ఒక తూటాను. పేలడానికి పుట్టి, పేలకుండా మిగిలిపోయినదాన్ని. ఒకప్పుడు ఈ మాట చెప్పుకోవాలంటే సిగ్గేసేది. ఇప్పుడు లేదు. సిగ్గుపడవలసినవాడు వేరే ఉన్నాడు. వాడి సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఎర్ర కాగితపు ఒళ్లు, ఇత్తడి అడుగు, కడుపులో మందు, మందు మీద సీసపు గుండ్లు. నా నోటికి మూసిన అట్టబిళ్ల మీద మా జట్టు నంబరు, అంటే ఒకేసారి తయారైనవాళ్లందరికీ ఉండే నంబరు, అచ్చువేశారు. ఓడలో మద్రాసు చేరి ఒక పెద్ద తుపాకుల దుకాణంలో దిగాను. అక్కడి నుంచి మా వాళ్లు రెండు దారుల్లో వెళ్లేవారు. ఉత్తరం రాసి డబ్బు పంపినవాళ్లకు నేరుగా రైలు పార్సిలులో కొందరు, ఊళ్లలో ఉన్న చిన్న దుకాణాలకు కొందరు. నా రాత రెండో దారి. నంద్యాలలో దామోదరం కొట్టుకు వచ్చి పడ్డాను.

కొట్టు మంచిదే. దామోదరం మాట ఇంకా మంచిది. కొన్నవాడిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంట్లోవాళ్లందరి క్షేమం అడిగేవాడు. ఒక్క సుంకిరెడ్డిని చూస్తే మాత్రం ఆయన ముఖంలో ఏదో ముడుచుకునేది.

సుంకిరెడ్డిది నల్లమల అంచున గుండ్లకోన. పంట మీద పడే అడవిపందుల కోసం జంట గొట్టాల తుపాకి ఉంచుకున్నాడు. తూటాలు కావాలంటే మద్రాసుకు ఉత్తరం రాసేవాడు. పదిహేను రోజులకో, నెలకో నంద్యాల స్టేషన్‌లో పార్సిలు దిగేది. లైసెన్సు చూపించి, సంతకం పెట్టి, పెట్టె చంకలో పెట్టుకుని దామోదరం కొట్టు ముందు నుంచే బస్సుకు నడిచేవాడు. దారి అదొక్కటే, పాపం ఆయనకు వేరే ఉద్దేశం లేదు. దామోదరం గుమ్మంలో నిలబడి, మద్రాసు సరుకు వచ్చిందా రెడ్డీ అని నవ్వుతూ అడిగేవాడు. ఆయన అటు తిరగగానే ఆ నవ్వు ఏమయ్యేదో అలమరలో ఉన్న మాకు తెలుసు.

ఒక వానాకాలం కుందూ నది పొంగి కొట్టులోకి నీళ్లు వచ్చాయి. కింది అరలో ఉన్నవాళ్లం రెండు రోజులు బురదనీళ్లలో నానాం. నీళ్లు తీశాక దామోదరం మమ్మల్ని మిద్దె మీద దుప్పటి పరిచి ఎండబెట్టాడు. మూడింటిని తీసుకెళ్లి ఊరిబయట పేల్చి చూశాడు. ఒకటే పేలింది. మిగతావాళ్లను పారేయలేదు. గుడ్డకు మైనం రాసి తుడిచి, మెరిపించి, తరవాత వచ్చిన కొత్త సరుకు ఖాళీ పెట్టెల్లో సర్దాడు. ఎవరికి అమ్మాలో అప్పటికి తేల్చుకున్నట్టు లేడు.

మరో రెండేళ్లకు గుండ్లకోనలో చిరుత దిగింది. వారంలో రెండు దూడలను ఎత్తుకుపోయింది. సుంకిరెడ్డి దగ్గర తూటాలు అయిపోయాయి. మద్రాసుకు రాసి నెల రోజులు కూర్చునే వీలులేదు. జీవితంలో మొదటిసారి దామోదరం కొట్టు మెట్లెక్కాడు. దామోదరం లేచి నిలబడి ఆహ్వానించాడు. కళ్లతో చూసి, చేత్తో పట్టుకుని కొనే సరుకును వదిలి, ఎన్నడూ చూడని మనిషిని నమ్మి రైలు కోసం ఎదురుచూడటం ఏమిటని మెత్తగా మందలించాడు. చిరుతకని విని కూడా, ముందున్న మంచి పెట్టెను పక్కకు నెట్టి వెనక నుంచి మా పెట్టెను తీశాడు. ఆ చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

తెల్లవారుజామున పశువుల దొడ్డి దగ్గర చిరుత కనిపించింది. సుంకిరెడ్డి పది అడుగుల దూరం నుంచి గురిపెట్టాడు. మీట నొక్కాడు. నా అడుగున సుత్తి పడింది. నాలో మందు కదలలేదు. రెండో గొట్టంలో ఉన్న నా తోడుదీ అదే గతి. టక్కు, టక్కు. అంతే. గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య పుల్లమ్మ ఆ రెండు చప్పుళ్లూ విన్నది. తరవాత జరిగింది కూడా చూసింది.

సుంకిరెడ్డి తొమ్మిది రోజులు బతికాడు.

దినాలు అయ్యాక ఊళ్లోవాళ్లు చిరుతకు ఉచ్చులు వేస్తామన్నారు. పుల్లమ్మ వద్దనలేదు, రమ్మన్నా వెళ్లలేదు. ఆమె మరిది అడిగాడు, అన్నను చంపినదాని మీద నీకు కోపం లేదా వదినా అని.

"అది ఆకలికి వచ్చినాది" అన్నది పుల్లమ్మ. "కడుపు నిండినోడు చేసినాడు సూడు, వాడి సంగతి నాకు కావాల."

గొట్టంలో ఇరుక్కున్న నన్ను చాకుమొనతో బయటికి తీసింది ఆమే. కాగితం ఉబ్బి ఉంది. మైనం కింద బురద మరక కనిపించింది. బడిలో చదువు చెప్పే ఖాసిం సారు చేత మద్రాసుకు ఉత్తరం రాయించింది. నా నోటి మీది నంబరూ, పెట్టె మీది నంబరూ రాయించి, ఈ రెండూ ఒకటేనా అని అడిగించింది. ఎన్నడూ ముఖం చూడని ఆ మద్రాసు దుకాణం పన్నెండో రోజుకల్లా జవాబు పంపింది. ఒకటి కాదంటూ రెండింటి తేదీలూ రాసింది; తూటాలు నంద్యాలకు పంపింది వరదకు ముందు సంవత్సరం, పెట్టె వరద తరవాతది. ఖాసిం సారు చదివి వినిపించాడు. పుల్లమ్మ మళ్లీ చదవమన్నది.

ఆ ఉత్తరం పట్టుకుని ఆ రోజే కచేరీకి పరుగెత్తలేదు. ఏడాది ఆగింది. తాలూకా కచేరీ చుట్టూ తిరిగి, పెనిమిటి పోయాక పోలీసులు తీసుకెళ్లిన తుపాకికి తన పేరున లైసెన్సు తెచ్చుకుంది. మరిది దగ్గర తుపాకి పట్టడం నేర్చుకుంది. నన్ను మాత్రం ఒక గుడ్డలో కట్టి నడుముకు దోపుకునేది. ఆమె కోపం వెచ్చగా నాకు తగులుతూ ఉండేది.

ఒక గురువారం, సంతరోజు, కొట్టు నిండుగా ఉన్నప్పుడు తుపాకి భుజాన వేసుకుని వెళ్లింది. ఒక అడవి కంట్రాక్టరు, నలుగురైదుగురు రైతులు ఉన్నారు. దామోదరం ఆమెను గుర్తుపట్టి జాలిగా ముఖం పెట్టాడు. ఆమె అందరూ వినేలా ఆ రోజు ఇచ్చిన తూటాలు ఎట్లాంటివని అడిగింది.

"నా కొట్టులో చెడ్డ తూటా ఉండదమ్మా" అన్నాడు దామోదరం. "చిరుతను చూసి చెయ్యి వణికింటాది మీ ఆయనకు. మగవాళ్లకూ భయం ఉంటాది గదా."

పుల్లమ్మ తుపాకిని మధ్యకు మడిచి తెరిచి నన్ను గొట్టంలో పెట్టింది. మూసింది. సుత్తి వెనక్కి లాగి, గొట్టం బల్ల మీద ఆనించింది. బల్లకు అవతల దామోదరం ఛాతీ ఉంది.

"మంచిదే అంటివి గదన్నా. ఇది నువ్వు ఇచ్చిందే. ఇంగొకసారి చెప్పు."

నేను నా మందునంతా కూడదీసుకున్నాను. ఈసారి పేలాలని ఎంతగా కోరుకున్నానో మీకు చెప్పలేను. దామోదరానికి మూడింట ఒకటి పేలిన లెక్క గుర్తొచ్చినట్టుంది.

"అది పేలదమ్మా" అన్నాడు. "వరద నీళ్లలో నానిన సరుకు."

"తెలిసే ఇచ్చినావా?"

"తెలిసే ఇచ్చినా."

పుల్లమ్మ సుత్తిని మెల్లగా దించింది. నన్ను బయటికి తీసి నడుముకు దోపుకుంది. అక్కడున్నవాళ్ల పేర్లు అడిగి గుర్తుపెట్టుకుని నేరుగా కచేరీకి వెళ్లింది. పెట్టెలో మిగిలిన తూటాలూ మద్రాసు ఉత్తరమూ అక్కడ పెట్టింది. తుపాకి ఎత్తి బెదిరించినందుకు ఆమె మీదా కేసు రాశారు. జరిమానా కట్టింది. దామోదరం లైసెన్సు రద్దయ్యింది. అంతకంటే ముందే ఆయన కొట్టు ఖాళీ అయింది. ఆ చుట్టుపక్కల తుపాకి ఉన్న ప్రతివాడూ ఖాసిం సారు దగ్గరికొచ్చి మద్రాసుకు ఉత్తరం రాయించుకున్నాడు. ముఖం చూసి కొనడం మీద మనుషులకున్న నమ్మకం అలా పోయింది. ఎన్నాళ్లు పోయిందో చెప్పలేను. మనుషులు మళ్లీ మంచి మాటకు లొంగుతూనే ఉంటారు.

ఆరేళ్ల తరవాత దామోదరం గుండ్లకోన వచ్చాడు. చిక్కిపోయాడు. కొడుకు కొత్తగా లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడట. పుల్లమ్మ తనకేమీ అభ్యంతరం లేదని ఒక కాగితం రాసిస్తే పని అవుతుందట. చేసినదానికి అనుభవించానన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. పుల్లమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది.

"సంతకం పెడతా" అన్నది. "ఎవురి చావు నీకు మాఫీ చేసినానని రాయాల? ఆయన పేరు చెప్పు, రాయిస్తా."

దామోదరం నోరు తెరిచాడు. "రెడ్డి" అన్నాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఓబుల్రెడ్డి" అన్నాడు, "కాదు కాదు, మద్దిలేటిరెడ్డి" అన్నాడు. ఇప్పుడు గుమ్మం పక్క గూట్లో ఉంటున్న నేను ఆ ముఖాన్ని చూస్తున్నాను. నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. తన చేత్తో మరణాన్ని పొట్లం కట్టి ఇచ్చినవాడి పేరు ఆయన మరిచిపోయాడు.

పుల్లమ్మ ఆయనను తిట్టలేదు. గుర్తొచ్చినప్పుడు రమ్మని చెప్పి, చెంబు తీసుకుని లోపలికి వచ్చింది. ఆయన అరుగు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ కాలపు ఆడవాళ్లలాగే పుల్లమ్మ కూడా పెనిమిటి పేరు పలికేది కాదు. కచేరీలో అడిగినప్పుడు కూడా మరిది చేతే చెప్పించింది. ఆ సాయంత్రం తలుపు దగ్గరకు వేసి, గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరికో అప్పజెబుతున్నట్టు ఒక్కో అక్షరం కూడదీసుకుని "సుంకిరెడ్డి" అన్నది. ఈసారి తడబడకుండా, మళ్లీ అన్నది.