ధాన్యం గది అవతలికి సిగ్నల్

మాట ఆలస్యమైన పిల్లలకు మాట నేర్పడం సుహాసిని పని. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చేసేది. మేనమామ నరసింగరావు కొడుకు దేవేంద్రను చేసుకుని కోటబొమ్మాళి వచ్చాక, ఇంట్లోంచే వీడియోలో పిల్లల్ని చూస్తోంది. పిల్లలకు కొదవ లేదు. కొదవంతా సిగ్నల్‌కే.

ఇంటర్నెట్ ఫైబర్ పెట్టె ముందు హాల్లో, టీవీ పక్కన ఉంది. సుహాసిని గది ఇంటికి వెనకాల. మధ్యలో ధాన్యం బస్తాలు పైదాకా పేర్చిన గది, దానికి అటూ ఇటూ నరసింగరావు దగ్గరుండి కట్టించిన లావుపాటి గోడలు. వైఫై వాటిని దాటి వచ్చేసరికి దానికి ఊపిరి అయిపోయేది. ఫోను డేటా ఆ గదిలో ఒక్క గీత మీద వేలాడేది. పోనీ హాల్లో కూర్చుందామంటే, మామగారి కోసం వచ్చినవాళ్లు తెర ముందుకు వంగి, "ఎవల పిల్లమ్మా? మాట రాదేటి?" అని పరామర్శించేవారు.

"కొత్త రూటరు కొందాం బావా," అంది సుహాసిని, ఉగాదికి ముందు.

దేవేంద్ర సహకార సంఘంలో గుమస్తా. ఏ వస్తువైనా ఊరందరినీ అడిగి, దొరికిన వీడియోలన్నీ చూసి గానీ కొనడు. పాత మిక్సీ కాలిపోయి కొత్తది వచ్చేలోపు ఇంట్లో అందరూ రోటిపచ్చళ్లకు అలవాటు పడిపోయారు.

"వైఫై సిక్స్ తీసుకుందామనుకున్నాను గాని, ఇప్పుడు సెవెన్ వచ్చీసింది," అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. "తీసుకుంటే సరికొత్తదే తీసుకోవాల. మళ్లీ మళ్లీ కొంతామేటి?"

"ఏదో ఒకటి తే బావా. బొమ్మ ఆగిపోకుండా ఉంటే సాలు."

"ఏదో ఒకటంటే ఎలాగే? రెండు బ్యాండ్లదా, మూడు బ్యాండ్లదా సూడొద్దా?"

"కొమ్ములు ఎక్కువున్నది తేరా," అన్నాడు నరసింగరావు, కొడుకు ఫోన్లో రూటరు యాంటెన్నాలు చూసి. "కొమ్ముల్లేనిది ఏటి పన్జేస్తాది?"

చీపురుపల్లిలో ఉండే దేవేంద్ర స్నేహితుడు గిరిబాబు ఫోన్లో ఇంకో సలహా పారేశాడు. "ఆగరా. ఎయిట్ కూడా వస్తాదట. ఇప్పుడు కొన్నావంటే ఎర్రోడివైపోతావు."

దేవేంద్ర ఆగాడు. మామిడిపళ్లు బజారులోకి వచ్చాయి. రూటరు రాలేదు.

సుహాసిని చూసే పిల్లల్లో అమ్మడు అని ఒక పిల్ల ఉంది. విజయనగరంలో ఉండే అనూరాధ కూతురు. నాలుగేళ్లు దాటినా ఒక్క మాట లేదు. ఏం కావాలన్నా తల్లి చెయ్యి పట్టుకుని లాగడమే. ఆ పిల్లకి సబ్బు బుడగలంటే ప్రాణమని సుహాసిని కనిపెట్టింది. తెర ముందు బుడగలు ఊదేది, చటుక్కున ఆపేది. గొట్టం పెదాల దగ్గర పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి ఎదురుచూసేది. 'ఊదు' అని అమ్మడు అడగాలి. అడిగిన మరుక్షణం బుడగలు రావాలి. మాట అంటే పని జరుగుతుందని పిల్లకి తెలియాలి. కిటుకంతా అదే.

ఆ రోజు అమ్మడు పెదాలు గుండ్రంగా చుట్టింది. మెడ నరాలు బిగిశాయి. "ఊ..."

బొమ్మ ఆగిపోయింది.

తిరిగి కదిలేసరికి అనూరాధ ఏడుస్తూ నవ్వుతోంది. "అనీసింది మేడమ్! ఊదు అనీసింది! మళ్లీ కూడా అంది. మీరు ఊదలేదేటి మేడమ్?"

అటువైపు తెర మీద గొట్టం నోట్లో పెట్టుకుని బొమ్మలా బిగుసుకుపోయిన మేడమే కనిపించిందన్నమాట. సుహాసిని గబగబా ఊదింది. అప్పటికే అమ్మడు మంచం కిందికి దూరిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి అడిగితే ఎవరూ పలకలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఫోను దగ్గరికే రాలేదు.

సుహాసిని హాల్లోకి వచ్చింది. దేవేంద్ర పక్కపక్కన రెండు రూటర్ల బొమ్మలు పెట్టుకుని చూస్తున్నాడు.

"ఏటే, ముఖం అలాగున్నాది?"

"నువ్వు ఎంచుకుంతా కూకో బావా. ఎయిట్ వచ్చేదాకా కూకో. ఆ పిల్ల మాత్రం మళ్లీ నోరు తెరవదు."

మర్నాడు తనే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లింది. కొట్లో కుర్చీ కూడా లాక్కోకుండా, "రెండు గోడలు, మధ్యలో ధాన్యం బస్తాలు. దాటే రూటరు ఇవ్వండి," అంది. "పక్కింటోళ్లకి కూడా వచ్చీస్తాది మేడమ్," అన్నాడు కొట్టు అతను. ఇంట్లో మళ్లీ పంచాయితీ పడే ఓపిక లేక, వైఫై సెవెనే పట్టుకొచ్చింది.

దేవేంద్ర దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని టీవీ పక్కన పెట్టాడు. హాల్లో స్పీడు చూసి ఈల వేశాడు. వెనక గదిలో మాత్రం తెర మీద చక్రం ఎప్పటిలాగే తిరుగుతోంది.

"కొత్త బ్యాండుకి స్పీడెక్కువ గాని గోడలంటే పడదులే," అన్నాడు నెమ్మదిగా.

సుహాసిని అతని వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

"వీడియోలో సెప్పినాడు. మన గోడల సంగతి తోచలేదు."

ఆమెకి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఎంతమంది ఎన్ని చెప్పినా, రూటరు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కరికీ తోచలేదు. తనక్కూడా. గోడ దాటలేనిదాన్ని గోడకి ఇవతలే పెడితే సరిపోయేది కదా! ఫైబర్ పెట్టె నుంచి ఒక వైరు లాగి రూటరు తన గదిలో పెట్టుకుంటానంది.

"నా గోడకి కన్నమా?" నరసింగరావు కుర్చీలోంచి లేచాడు.

"నీ గోడ జోలికి రాను మావా. కిటికీలోంచి తీసి, వసారా చూరు కింద నుంచి తెస్తాను."

బజారుకి వెళ్లి వైరు తెచ్చి, సుహాసిని స్టూలెక్కి వసారా దూలానికి మేకులు కొట్టింది. దేవేంద్ర స్టూలు పట్టుకున్నాడు. "ఇంతకన్నా మంచి వైరు ఉంటాది గదే," అన్నాడు కింద నుంచి. సుత్తి గాల్లో ఆగడం చూసి స్టూలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బొమ్మ ఆగడం మానేసింది. అమ్మడు మాత్రం ఒక పట్టాన రాలేదు. ఒకరోజు మంచం కింది నుంచి జుట్టు కనిపించింది. ఇంకోరోజు ఒక కన్ను. సుహాసిని ఏమీ అడగకుండా ఊరికే బుడగలు ఊదుతూ కూర్చుంది. మెల్లగా పిల్ల వచ్చి తల్లి ఒళ్లో చేరింది.

సరిగ్గా అప్పుడు దేవేంద్ర తలుపు తోసుకుని వచ్చాడు, ఈ గదిలో స్పీడెంతుందో చూద్దామని. ఫోను పైకెత్తి పట్టుకుని బుడగలకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు అతని చొక్కాకి తగిలి పేలిపోయాయి.

అమ్మడు ముఖం ముడుచుకుంది. చెయ్యి చాచింది.

"పో!"

మాట స్పష్టంగా వినిపించింది. అనూరాధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సుహాసిని తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇన్నావా బావా? నిన్నే. పో, బేగి పో!"

దేవేంద్ర ఫోను దించి, వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాడు. తలుపు మూసుకుంది. అమ్మడు ఆ మూసుకున్న తలుపు వంకే కాసేపు చూసింది. తర్వాత తల్లి ఒళ్లో లేచి నిలబడి, ఈసారి ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"పో!"

"పోయేనే తల్లీ!" వసారాలోంచి దేవేంద్ర గొంతు వినిపించింది.