గోడ మీది ఫార్మసిస్టు

మండవల్లి నుంచి మందుల షాపు యజమాని దుర్గేష్ ఫోన్ చేసేటప్పటికి హెప్సిబా ఏలూరు పవర్‌పేటలో జిరాక్సు షాపు ముందు నిలబడి, టెన్త్ మార్కుల లిస్టు దగ్గర్నుంచి బీఫార్మసీ పట్టా దాకా అన్నీ రెండేసి సెట్లు తీయిస్తోంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల ఎంపిక లిస్టులో ఆమె పేరుంది. వచ్చే వారం సర్టిఫికెట్ల వెరిఫికేషన్. అదొక్కటీ అయిపోతే ఉద్యోగం చేతికొచ్చినట్టే. నోటిఫికేషన్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసి, అది పడ్డాక కోర్టు స్టే తొలగేదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చుని రాసిన పరీక్ష అది. ఇంకోసారి రాయడానికి ఆమెకి వయసు మిగల్లేదు.

"ఏవండీ హెప్సిబా గారూ, ఇన్‌స్పెక్టర్ గారొచ్చి షాపులో కూర్చున్నారండి," అన్నాడు దుర్గేష్.

"భోజనానికి వెళ్ళానని చెప్పండి. బస్సెక్కేస్తాను."

"ఈసారి ఆ మాట కుదరదండి. మీరొచ్చేదాకా కదలనంటున్నారు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదండి."

మందుల షాపు నడపాలంటే ఫార్మసీ చదివినవాళ్ళు షాపులో కూర్చోవాలని చట్టం. కూర్చునేవాళ్ళు లేక కాదు, కూర్చోబెడితే పూర్తి జీతం ఇవ్వాలి. అందుకని మన పెద్దమనుషులు మనిషిని వదిలేసి కాగితాన్ని అద్దెకి తెచ్చుకునే ఉపాయం కనిపెట్టారు. ఫొటోతో సహా సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు. మనిషి ఏలూరులోనో తణుకులోనో తన పని తాను చూసుకుంటుంది. నెలనెలా ఎంతో కొంత ముడుతుంది. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళయినా అప్పుడప్పుడూ వెళ్ళి గోడలెలా ఉన్నాయో చూసొస్తారు, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు ఆపాటి కూడా చూడరు. హెప్సిబా కోచింగూ హాస్టలూ ఆ అద్దె మీదే గడిచాయి. ఆఫీసర్ అయ్యాక మొట్టమొదట ఇలాంటి షాపులే మూయిస్తానని ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. అలా చెప్పుకున్న రోజున నిద్ర బాగా పట్టేది.

"ఇంతకీ ఏం జరిగిందండీ?" అంది.

దుర్గేష్ నసిగి నసిగి చెప్పాడు. కొల్లేటి లంక ఊళ్ళో పుష్పమ్మ అనే పెద్దావిడకి షుగర్. రోజూ వేసుకునే రెండు ఎమ్‌జీ బిళ్ళ షాపులో అయిపోతే నాలుగు ఎమ్‌జీది ఇచ్చాడు. సగానికి విరిచి వేసుకోమని చెప్పడం మర్చిపోయాడు. ఆవిడ మొత్తం బిళ్ళే వేసుకుంటూ వచ్చింది. అసలే సరిగ్గా తినని మనిషి, షుగర్ మరీ పడిపోయి మూడోనాడు తెల్లారి లేవలేదు. ఏలూరు పెద్దాసుపత్రికి తెచ్చేటప్పటికే పోయింది. ఇదంతా నెలల కిందటి సంగతి, కూతురు పెట్టిన ఫిర్యాదు ఇప్పటికి కదిలింది.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి చాలు. ఆవేళ షాపులో మీరే ఉన్నారని, సగమే వేసుకోమని మీరే చెప్పారని. ఆవిడ ఒంటరిగా వచ్చిందండి, కాదనేవాళ్ళు లేరు. నాకూ పిల్లలున్నారండి. మీ ఉద్యోగమూ నిలబడుతుంది."

హెప్సిబా ఫోన్ పెట్టేసింది. జిరాక్సు కాగితాలు సంచిలో పెట్టుకుని పాత బస్టాండుకి నడిచింది. తెల్లకోటు ఎప్పుడూ ఆ సంచిలోనే ఉంటుంది.

కైకలూరు బస్సు కొల్లేరు మీదుగా వెళ్తుంటే రెండు వైపులా చేపల చెరువులే. ముందు వెళ్తున్న చేపల లారీ నుంచి ఐసు నీళ్ళు కారి రోడ్డంతా తడిసింది. హెప్సిబా కిటికీ పక్కన కూర్చుని ఒకటే మాట మనసులో అప్పజెప్పుకుంటోంది: సగమే వేసుకోమని చెప్పానండి, ఆవిడే సరిగా వినలేదేమోనండి. మొదటిసారి అనుకున్నప్పుడు సగంలోనే ఆపేసింది. ఆకివీడు వైపు మలుపు వచ్చేసరికి అలవాటైపోయింది. అంత తొందరగా అలవాటైనందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా అప్పజెప్పుకోవడం మాత్రం ఆపలేదు.

ఇంతలో తండ్రి సత్యవేదం ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో బస్తాలు మోసి మోసి వంగిపోయిన మనిషి. కూతురు పేరు లిస్టులో వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మళ్ళీ నిటారుగా నడుస్తున్నాడు.

"అమ్మాయీ, ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టుకుందామంటున్నారు పాస్టరు గారు. పులిహోర చాలంటావా, పలావు చేయించమంటావా?"

"మీ ఇష్టం నాన్నా."

"పలావే చేయిద్దాం. రోజూ వచ్చే భాగ్యమా?"

చిన్నప్పుడు తాడేపల్లిగూడెం బజారులోనే, అదే తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తుండగా హెప్సిబా ఒక దృశ్యం చూసింది. నూలు చీర కట్టుకున్న ఒకావిడ జీపు దిగి రెండడుగులు వేసిందో లేదో, వీధి వీధంతా మందుల షాపుల షట్టర్లు దడదడా దిగిపోయాయి. ఎవరు నాన్నా ఆవిడ అంటే, డ్రగ్ ఇన్‌స్పెక్టరమ్మా అన్నాడు. ఏ గుమ్మంలోనైనా పక్కకి ఒదిగి నిలబడే తండ్రినే చూసిన పిల్లకి, ఒక ఆడమనిషిని చూసి అంత బజారు ఒదిగి నిలబడడం ఒళ్ళు పులకరించేలా అనిపించింది. అప్పట్నుంచీ ఇంకో ఉద్యోగం ఆమె కంటికి ఆనలేదు.

కైకలూరులో బస్సు మారి మండవల్లిలో దిగి, షాపు వెనక సందులో నిలబడి కోటు తొడుక్కుని లోపలికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ రామమూర్తిగారు తల పండిన మనిషి, గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. స్టూలు చూపించి "కూర్చోండమ్మా" అన్నారు. గోడ మీద ఫొటోని, ఎదురుగా ఉన్న మొహాన్ని ఒకసారి పోల్చి చూసుకున్నారు.

"ఈ బిళ్ళలు అమ్మినప్పుడు మీరు షాపులో ఉన్నారా?"

దుర్గేష్ కౌంటరు వెనక చేతులు కట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. హెప్సిబా నోరు తెరిచింది. మాట నాలిక మీదికి వచ్చేసింది కూడా. ఈలోగా రామమూర్తిగారు బిల్లు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఆదివారం అమ్మారు," అంటూ తారీఖు చదివారు.

అది పరీక్ష జరిగిన ఆదివారం. ఆ పొద్దున ఆమె విజయవాడలో పరీక్ష హాల్లో ఉంది. హాజరు పట్టీలో సంతకం ఉంది, వేలిముద్ర ఉంది. ఫార్మసిస్టు స్వయంగా చూడకుండా మందు ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకి ఆవేళ ఆమె చకచకా సరైన జవాబు పెట్టింది. కూర్చున్న స్టూలుని కింద నుంచి ఎవరో లాగేసినట్టు ఆమె కూడబలుక్కున్న అబద్ధమంతా జారిపోయింది. నిజం చెప్పాలని చెప్పలేదు పాపం, చెప్పడానికి ఇంకేమీ మిగలక చెప్పింది.

"లేనండి. ఆవేళ పరీక్ష రాస్తున్నాను."

"ఏ పరీక్షమ్మా?"

"మీ ఉద్యోగానిదేనండి."

రామమూర్తిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"లిస్టులో వచ్చారా?"

"వచ్చానండి."

"నేను రాయకుండా ఉండలేనమ్మా. మనిషి పోయింది. ఇది పోలీసు కేసవుతుంది, అందులో మీ పేరుంటుంది. కేసున్నవాళ్ళని..."

"తీసుకోరండి. తెలుసండి."

ఆయన రాశారు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపిస్తే పెట్టింది. దుర్గేష్ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. అతన్ని చూస్తే హెప్సిబాకి కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఎక్కడో కొంచెం ఆశ ఉండాలి కాబోలు, ఆమెలో అది ఆరిపోయింది. ఆదివారం పలావు వద్దని తండ్రికి ఎలా చెప్పాలో మాత్రం ఆలోచిస్తూ గుమ్మం దిగింది.

రోడ్డు పక్కన ఒకామె నిలబడి ఉంది. ఎండకి మొహం వాడిపోయి ఉంది. తెల్లకోటు చూసి గబగబా ఎదురొచ్చి రెండు చేతులూ జోడించింది.

"మేడమ్ గారూ, నా పేరు నాగదుర్గండి. చనిపోయింది మా అమ్మండి. ఇన్‌స్పెక్టరు గారొచ్చారని చెప్తే పొద్దుట్నుంచీ ఇక్కడే నిలబడ్డానండి. మీరే న్యాయం చెయ్యాలండి."

ఆ పిలుపు కోసం హెప్సిబా ఇన్నేళ్ళూ చదివింది. మొట్టమొదట తనని అలా అనుకున్న మనిషి ఈమే అయింది. కాదని చెప్పకుండా తలూపి వెళ్ళిపోవచ్చు. ఆమె కోటు విప్పి చేతి మీద వేసుకుంది.

"నేను ఇన్‌స్పెక్టర్ని కాదండి. ఆయన లోపలున్నారు. నేను ఈ షాపు ఫార్మసిస్టునండి. లోపల గోడ మీద ఉన్న ఫొటో నాదే."

నాగదుర్గ గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది. ఫొటోని చూసింది. మళ్ళీ ఈమెని చూసింది. అరుస్తుందనీ, జుట్టు పట్టుకుంటుందనీ హెప్సిబా అనుకుంది. అలా చేస్తే బాగుండునని కూడా అనుకుంది.

"మా అమ్మకి చదువు రాదండి. ఎవరైనా చెప్తే తుచ తప్పకుండా వింటదండి," అంది నాగదుర్గ. గొంతు పెంచలేదు. "ఆవేళ మీరెక్కడికెళ్ళారండి?"

ఇన్‌స్పెక్టరుకి ఇచ్చిన జవాబు తప్ప హెప్సిబా దగ్గర ఇంకోటి లేదు, ఇలాంటి షాపులు మూయించే ఉద్యోగానికి పరీక్ష రాస్తున్నానన్న జవాబు. నాగదుర్గ చేతులింకా దించలేదు. జవాబు వస్తుందని అలాగే నిలబడి ఉంది.