చావని క్రిములు

మా పళ్లరసం ఫ్యాక్టరీలో సీసాలను నీళ్లు నింపిన ఉక్కు గొట్టంలో పెట్టి, సముద్రం అడుగున కూడా లేనంత ఒత్తిడితో నొక్కుతారు. ఆ ఒత్తిడికి రోగక్రిముల పొర చిట్లి లోపలిదంతా బయటికి కారిపోతుంది. అవి చచ్చాయో లేదో చూడడం ల్యాబులో నా పని.

బతికున్న క్రిమి ఉంటే, దాన్ని పెంచే ప్లేటు మీద చుక్కలా మొలుస్తుంది. నిన్న నా ప్లేటు మీద ఒక్క చుక్కా మొలవలేదు. ఆ ధీమాతోనే ఏడో నెల నడుస్తున్న మా వదినకు ఆ రసం సీసా ఒకటి ఇచ్చాను.

ఈ ఉదయం ల్యాబు పెద్దాయన నా ప్లేటు చూసి నవ్వాడు.

"మందు కలిపిన ప్లేటు మీదే వేశావా? కాలు విరిగినవాణ్ణి పరుగు పందెంలో నిలబెట్టి, పరుగెత్తలేదు కాబట్టి పోయాడంటావేంటమ్మా?"

వేరే క్రిములు మొలవకుండా కలిపే ఆ మందును దెబ్బతిన్న క్రిమి తట్టుకోలేదు. మామూలు తిండి దొరికితే పొరను బాగుచేసుకుని లేస్తుంది. అదే రసాన్ని ఆయన మామూలు ప్లేటు మీద కూడా వేసి ఉంచాడు. దాని మీద మూడు తెల్లటి చుక్కలున్నాయి. ఏ క్రిమివో ఇంకా తెలియదు.

వదినకు ఫోన్ చేశాను.

"సగం తాగేశాను ఆడపడుచుగారూ! ఏం, మిగతాది నీక్కావాలా?"

ఊరికే అడిగానని చెప్పేద్దామనిపించింది. బహుశా ఏమీ కాదు. ఆ 'బహుశా' ఎవరిని కాపాడడానికో నాకు తెలుసు.

"మిగతాది ముట్టుకోకు వదినా. పరీక్షలో నేనే తప్పు చేశాను. డాక్టరు దగ్గరికి వెళ్దాం, వచ్చేస్తున్నా."

వదిన మెల్లగా అడిగింది.

"ఇందాకట్నుంచి లోపల తెగ తంతోంది. అది మంచిదేగా?"