రెండు చేతుల మెడపట్టీ

మాకు పనిచ్చే షావుకారు డాన్ ఫౌస్తినో కత్తెర తీసి, నికనోరా అల్లిన మెడపట్టీని జాకెట్టు నుంచి కోసి బురదలోకి విసిరేశాడు. మేమంతా చూశాం. ఎవరి మూటలు వాళ్లు గుండెకు హత్తుకుని, అతని కొట్టు ముందు వరసలో నిలబడి చూశాం.

"దీంట్లో రెండు చేతులు పడ్డాయి," అన్నాడతను. "సగం వదులు, సగం బిగువు. గుడ్డంతా ముడతలే. కళ్లు కనబడని ముసలమ్మకి ఇక పని లేదు."

వట్టి తెల్ల జాకెట్లు పట్నం నుంచి అతని లారీలో మా కొండ ఊరికి వస్తాయి. మెడ చుట్టూ పూలూ పిట్టలూ లేసుసూదితో అల్లి కుట్టేది మేం. ఒకరు మొదలుపెట్టిన పట్టీని ఇంకొకరు ముట్టుకోకూడదు. దారం లాగే బిగువు మనిషికో రకం కాబట్టి చెయ్యి మారితే గుడ్డ ముడుచుకుపోతుంది. ఇది మా అమ్మమ్మల నాటి కట్టుబాటు.

ఆ రెండో చెయ్యి ఒబ్దూలియాది. నికనోరా చెల్లెలి కూతురు. పెద్దమ్మ కళ్లకి పొర కమ్మి అల్లిక తప్పుతుంటే చూడలేక, మిగతా సగం తనే అల్లేసింది. కానీ కత్తెర ఆడుతున్నప్పుడు, తన పనీ పోతుందన్న భయంతో పక్కనే నేల చూస్తూ నిలబడింది. నికనోరా ఆమె పేరు చెప్పలేదు. బురదలోంచి పట్టీ ఏరుకుని, శాలువాతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ బిగువు ఎవరిదో మేమూ చూడగానే గుర్తుపట్టాం. గుర్తుపట్టీ ఊరుకున్నాం.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తొమాసా పెరట్లో చేరాం. ఆమె ఒకప్పుడు పిండిమరలో కూలీల సంఘం పెట్టి జైలుకెళ్లిన మనిషి. ఫౌస్తినో కాళ్లావేళ్లా పడదామని కొందరన్నారు. ముసలిది ఎలాగూ ఎన్నాళ్లు అల్లుతుందని ఒకామె గొణిగింది. అప్పుడు ఒబ్దూలియా లేచింది.

"ఆ చెయ్యి నాది. మీకందరికీ తెలుసు. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పట్లాగే అన్నం పెడుతోంది. అదే నన్ను తినేస్తోంది. రేపెళ్లి చెప్పేస్తాను."

"చెప్తే నిన్నూ తీసేస్తాడు, అంతేగా?" అంది తొమాసా. "వాడికి కావలసింది ఒక పేరు. ఆ పేరే దొరక్కుండా చేద్దాం. రెండు చేతులు పడితే తప్పంటున్నాడుగా, అందరి చేతులూ పెడదాం."

పెద్ద గొడవైంది. చేజేతులా పని పాడుచేసుకుంటామా అని కొందరు ఏడ్చారు కూడా. చివరికి నికనోరా ముఖం తలుచుకుని ఒప్పుకున్నారు. పిట్ట తల ఒకరిది, రెక్క ఇంకొకరిది. చాకిరేవు దగ్గర, చర్చి మెట్ల మీద పట్టీలు చేతులు మారాయి. నికనోరా తప్పిన కుట్లూ వాటిలో కలిసిపోయాయి.

అప్పగింత రోజు ఫౌస్తినో ఒక మూట విప్పాడు, ఇంకొకటి విప్పాడు. అన్నీ ముడతలే. బయట లారీ సిద్ధంగా ఉంది, పట్నంలో తిరునాళ్ల బేరం ఎదురుచూస్తోంది.

"ఇదెవరి చెయ్యి?"

ఒబ్దూలియా ఈసారి తలెత్తింది. "మాది."

అతను కత్తెర అందుకున్నాడు.

"కొయ్యండి," అంది తొమాసా. "మొదలుపెడితే అన్నీ కొయ్యాలి మరి. నికనోరాకి మళ్లీ జాకెట్లు ఇచ్చేదాకా ఇలాగే అల్లుతాం."

కత్తెర గాల్లోనే ఆగింది. పోలీసుల్ని తెస్తానని లారీ ఎక్కి వెళ్లిపోయాడు. మేం ఇళ్లకు పోలేదు. కొట్టు మెట్ల మీదే కూర్చుని, పూర్తికాని జాకెట్లు తీశాం.

మా మధ్య కూర్చున్న నికనోరా ఒక పట్టీ మీద వేలు నడిపిస్తూ ఒకచోట ఆగింది.

"ఇక్కడ నువ్వు."

"అవును పెద్దమ్మా," అంది ఒబ్దూలియా. ఆమె కళ్లు నిండాయి.

"ఇంకా బిగబట్టే లాగుతున్నావు. చెయ్యి కాస్త వదులు చెయ్యవే. వాళ్లొచ్చేలోగా ఈ పిట్టకి తోక పెట్టాలి."